పాస్‌పోర్టు లేని ఫ్రాన్సు

పుదుచ్చేరి మళ్లీ ఫ్రాన్సయింది. 1954 అక్టోబరు 18న కీళూరు గ్రామంలో సమావేశమైన 178 మంది ప్రజాప్రతినిధుల్లో 170 మంది భారతదేశంలో విలీనానికి ఓటు వేయగా, అదే ఏడాది నవంబరు 1న పాలన చేతులు మారింది. ఆ మార్పు చట్టం దృష్టిలో పూర్తి కావడానికి 1962 ఆగస్టు 16 దాకా, అంటే మరో ఎనిమిదేళ్లు పట్టింది. ఇంత శ్రమపడి తెచ్చుకున్న ఊరిని ఈ సెలవుల కాలంలో ముప్పై సెకన్ల వీడియోలు ఒక్క తూటా పేలకుండా, ఒక్క సంతకం అవసరం లేకుండా తిరిగి పారిస్‌కు అప్పగించేశాయి. హైదరాబాదు నుంచి 2024 డిసెంబరులో విమానం మళ్లీ మొదలయ్యాక ఈ అప్పగింత మరింత సులువైంది. శుక్రవారం సాయంత్రం బయలుదేరి, శనివారం ఫ్రాన్సు చూసి, ఆదివారం ఫ్రాన్సులో అలసిపోయి, సోమవారం ఆఫీసు వేళకు మాతృదేశంలో హాజరు వేయించుకోవచ్చునన్నది ప్రచారంలో ఉన్న లెక్క.

ఈ లెక్కకు భూగోళశాస్త్రం ఏమాత్రం అడ్డు రాకపోవడం విశేషం. పారిస్ భూమధ్యరేఖకు దాదాపు 49 డిగ్రీల ఉత్తరాన ఉండగా పుదుచ్చేరి 12 డిగ్రీల దగ్గర, అంటే సూర్యుడు ఏటా రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలబడే ఉష్ణమండలంలో ఉన్నది. అయినా నెత్తిన ఉన్ని టోపీ, మెడకు రుమాలు చుట్టుకుని పగలు పదకొండు గంటల ఎండలో చెమట తుడుచుకుంటూ నడిచే దంపతులు ఆ వీధుల్లో కనిపిస్తూనే ఉంటారు. ఊరికి అధిక వర్షాన్ని ఇచ్చే ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం మీదుగా వీస్తుందనీ, సరిగ్గా సెలవులు కుదిరేది కూడా ఆ నెలల్లోనేననీ ఏ నినాదమూ చెప్పదు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను తీరం దాటినప్పుడు ఒక్కరోజులో 45 సెంటీమీటర్లకు పైగా కురిసి ఊరంతా నీట మునిగింది. ఫ్రాన్సులో ఉన్నామనుకున్నవారిని మోకాలి లోతు నీళ్లు తమిళదేశానికి చేర్చాయి.

ఇక గోడ.

పుదుచ్చేరి యాత్ర అంటే నేడు స్థూలంగా ఒక గోడను దర్శించి రావడమే గనుక, ఆ గోడను గురించి కొంత శాస్త్రీయంగా చెప్పుకోవలసి ఉంటుంది. గోడ ఆవపిండి రంగులో ఉండాలి. దాని అంచులకు తెల్లని పట్టీ ఉండాలి. పైనుంచి కాగితం పూల తీగ గులాబీ రంగులో వేలాడుతూ ఉండాలి. గోడ మధ్యలో చెక్క రెక్కల కిటికీ ఒకటి, వీలైతే మూసి, ఉండాలి. ఈ నాలుగు లక్షణాలూ కుదిరిన గోడ ముందు ఉదయం ఆరున్నరకే వరస మొదలవుతుంది. వరసలో ముందున్న జంట అద్దెకు తెచ్చిన సైకిలును ఎవరూ తొక్కరు. దాన్ని గోడకు ఆనించి, ముందు బుట్టలో ఒక పూలగుత్తి, ఒక పొడవాటి రొట్టె పెడతారు. రొట్టె ఆ జంటది కాదు, ఫోటోగ్రాఫరుది. అది ఉదయం నుంచి అయిదు జంటల చేతులు మారి ఉండటం వల్ల ఒక చివర వాడిపోయి ఉంటుంది. గోడ పక్కన నిద్రపోతున్న కుక్కను లేపి పక్కకు తరిమి, అమ్మాయి గౌను కుచ్చిళ్లు సర్ది, అబ్బాయిని "దూరంగా చూడండి సార్, సముద్రం వైపు చూడండి" అని ఫోటోగ్రాఫరు ఆదేశిస్తాడు. అబ్బాయి చూసే వైపు సముద్రం ఉండదు, కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. ఫోటోలో ట్రాన్స్‌ఫార్మరు పడదు గనుక సముద్రమే అనుకోవచ్చు.

ఈ గోడ ఎవరి ఇంటిదో, ఆ ఇంట్లో ఎవరుంటారో దర్శనార్థులకు పట్టదు. లోపలివారు పాలు తీసుకోవడానికి తలుపు తెరిస్తే అది దృశ్యానికి ఆటంకం. ముసలాయన ఒకరు లుంగీతో గుమ్మంలో నిలబడితే ఆయనను కాసేపు లోపలికి వెళ్లమని మర్యాదగా అడగడం కూడా జరుగుతుంది. తన గుమ్మంలో తాను నిలబడే హక్కు కోసం బ్రతిమాలుకోవలసిన స్థితి పూర్వం వలసపాలనలో ఉండేదని చరిత్రపుస్తకాలు చెబుతాయి. అది కాగితం పూల తీగ కింద పునరుద్ధరణ పొందిందని ఇప్పుడు చేర్చుకోవాలి.

అసలు ఆ రంగు ఫ్రెంచిదేనా అన్న ప్రశ్న ఒకటి మిగిలింది. పారిస్ నగరాన్ని కట్టిన రాయి పాలమీగడ ఛాయలో ఉండే సున్నపురాయి. అక్కడి వీధులు ఆవపిండిలో ముంచి తీసినట్టు ఉండవు. పుదుచ్చేరి సముద్రం వైపు వీధుల్లో చాలా ఇళ్లు చేతిలో ఉన్న అరవిందాశ్రమం తన భవనాలకు బూడిదరంగూ తెలుపూ వేసుకుంది. వంద అడుగులు నడిస్తే కనిపించే ఈ సత్యం ఫోటోలలో కనిపించదు, ఎందుకంటే బూడిదరంగు గోడ ముందు ఎవరూ సైకిలు ఆనించరు. ఇక ఫ్రెంచి పాండిచ్చేరికి నిజంగా ఒక రంగు ఉన్నదంటే అది నీలం. నీలిమందులో అద్దిన ముతక నూలుబట్టను ఫ్రెంచివారు "గినీ" గుడ్డ అని వ్యవహరించేవారు; ఆ బట్ట ఓడలెక్కి పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ తీరానికి చేరి, అక్కడ తుమ్మజిగురు వ్యాపారంలో నాణెం బదులు చెలామణి అయ్యేది; అంతకు ముందు మనుషుల కొనుగోలులోనూ దాన్ని వాడారు. ఈ ఊరి నేతగాళ్ల, అద్దకంవాళ్ల చేతులకు అంటిన ఆ నీలం మీద ఫ్రెంచి వర్తకుల లాభాలు నిలబడ్డాయి. సెలవుల ప్రకటనకు అది పనికిరాదు, ఆవపిండి పనికొస్తుంది.

గోడ లోపలి సంగతి ఇంకా విచారకరం. పాత ఇళ్లను కట్టినవారు గుల్లసున్నాన్ని, అంటే సముద్రపు గుల్లలు కాల్చి తీసిన సున్నాన్ని, గానుగలో ఇసుకతో కలిపి నూరి, బెల్లం నీరూ కరక్కాయ కషాయమూ చేర్చి పూత పూసేవారు. పైపూతలో కోడిగుడ్డు తెల్లసొన కూడా పడితే గోడ పాలరాయిలా మెరిసేది. తెలుగునాట పాత మేడలు కట్టిన మేస్త్రీలకు ఈ పద్ధతి కొత్త కాదు. సున్నపు గోడ ఊపిరి పీలుస్తుంది, అంటే నేల నుంచి ఎక్కిన తేమను తిరిగి గాలిలోకి వదిలేస్తుంది. దాని మీద సున్నంలో కలిపిన రంగునే వేయాలి. ఇప్పుడు ఫోటోకు నిండుగా కనిపించాలని ప్లాస్టిక్ ఎమల్షను పూస్తే, ఉప్పుగాలి తెచ్చిన తేమ లోపలే చిక్కుకుని, పూత బుడగలు కట్టి, రెండు వానాకాలాల్లో పెచ్చులుగా రాలుతుంది. రాలిన పెచ్చులను కూడా పాతదనపు అందమనే అమ్ముకుంటున్నారు. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు ఇంతకన్నా పెద్ద రంగుల బొమ్మ దొరకదు.

ఈ రంగు వ్యాధి అంటువ్యాధి. సైకిళ్లు అద్దెకిచ్చే కొట్టుకు ఆవపిండి రంగు, ఐస్‌క్రీము బండికి ఆవపిండి రంగు, నిన్నటి దాకా తెల్లగా ఉన్న ఇడ్లీ హోటలుకు ఆవపిండి రంగు. కొత్తగా పోసిన కాంక్రీటు స్తంభాల మీద రెండు అలంకారపు పట్టీలు అతికించి, ఆవపిండి పూసి, గుమ్మం మీద ఏదో ఒక ఫ్రెంచి మాట రాస్తే మూడు నెలల వయసున్న భవనం మూడు వందల ఏళ్లదవుతుంది. నిజంగా వయసున్నదానికి ఏమైందో తెలుసుకోవాలంటే 2014 నవంబరు 29 తరువాతి పత్రికలు తిరగేయాలి. సముద్రతీరపు వీధిలో 1870ల నాటి మేరీ, అంటే ఫ్రెంచివారి పురపాలక భవనం, ఏళ్ల తరబడి చూసే దిక్కు లేక, ఆ రోజు వానకు కుప్పకూలింది. దాన్ని అదే రూపంలో మళ్లీ కట్టి 2021లో ప్రారంభించారు. అసలుది కూలినప్పుడు సైకిలు ఎక్కడ ఆనించాలా అని ఎవరూ బెంగపడలేదు. నకలుకు మాత్రం తగినన్ని ఫోటోలు పడుతున్నాయి.

వీధులు ఫ్రెంచివారు గీసినవి అన్నది రెండో ప్రచారం. 1693లో ఊరును పట్టుకుని 1699 దాకా ఏలిన డచ్చివారు గీసిన పటంలో ఈ చదరంగపు గడుల వీధులు మొదట కనిపిస్తాయి. ఇళ్లు పదిహేడో శతాబ్దానివి అన్నది మూడోది. 1761లో ఇంగ్లీషువారు ముట్టడించి గెలిచి కోటనూ తెల్లవారి ఇళ్లనూ నేలమట్టం చేశారు గనుక, నిలబడి ఉన్న వీధులు చాలావరకు 1765 తరువాత మళ్లీ లేచినవి. దూమా వీధిలో నవలాకారుడిని తలుచుకుని పులకించేవారికి ఒక మాట: ఆ పేరు 1735 నుంచి 1741 దాకా గవర్నరుగా ఉన్న బెన్వా దూమాది, నవలాకారుడు అప్పటికి పుట్టలేదు. పోలీసుల నెత్తిన ఉండే కెపి అనే ఎర్ర టోపీతో సెల్ఫీ దిగడం గురించి చెప్పవలసింది ఏమీ లేదు. క్రొసాంత్, అంటే వెన్న పొరల రొట్టె, తొంభై శాతం గాలి తేమలో పది నిమిషాలకు తడిగుడ్డ అవుతుంది; దాన్ని అలాగే తిని "అచ్చం పారిస్‌లాగే ఉంది" అన్నవారిలో పారిస్ చూసినవారు తక్కువ.

ఇంతవరకూ నవ్వుకోదగ్గవే. నవ్వుకు లొంగనిది ఒకటి ఉన్నది: వైట్ టౌన్ అన్న పేరు.

ఆ పేరు ఇప్పుడు టీషర్టుల మీద ఉన్నది, హోటళ్ల బోర్డుల మీద ఉన్నది, తెలుగు ప్రయాణపు వీడియోలలో గుడి పేరు పలికినంత మురిపెంగా వినిపిస్తున్నది. దాని అర్థం తెల్లరంగు ఇళ్లున్న పేట అని కొందరు వివరణ కూడా ఇస్తున్నారు. అది ఇళ్ల రంగు కాదు, మనుషుల రంగు. వీల్ బ్లాంష్ అంటే తెల్లవారి ఊరు, వీల్ న్వార్ అంటే నల్లవారి ఊరు. రెండింటి నడుమ తవ్విన కాలువను తమిళులు పెరియ వాయ్‌క్కాల్, అంటే పెద్ద కాలువ, అంటారు. కాలువకు తూర్పున సముద్రపు గాలి తగిలే నేల తెల్లవారికి, పడమట మిగిలిన నేల మిగిలినవారికి. ఊరి మురుగును మోసే ఆ కాలువ నేటికీ అక్కడే ఉన్నది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టు, అత్తరు సీసాలమ్మే కొట్లకు నాలుగడుగుల దూరంలో అది తన వాసన తాను వేస్తూనే ఉంటుంది.

మద్రాసులో సరిగ్గా ఇలాంటి నల్లపట్టణమే ఉండేది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ఆ పేరు తీసేసి జార్జిటౌను అని మార్చినవారు ఏ జాతీయోద్యమకారులో కాదు, బ్రిటిష్ పాలకులే. మనుషులను తోలు రంగును బట్టి పేటలుగా విడదీసిన పేరు వలసపాలకుడి బోర్డు మీద కూడా నిలవలేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు దశాబ్దాల తరువాత, ఏ పేటను తమ ముత్తాతలకు కాక తెల్లవారికే కేటాయించారో ఆ పేట పేరును గుండెల మీద అచ్చు వేయించుకుని, దానికి ఎదురు డబ్బిచ్చి మరీ తిరిగే మనుషులు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటే చూపించాలి. ఇది అమాయకత్వం కాదు. రోత పుట్టించే మరుపు. ఆ మరుపును హోటలు గది అద్దెలో కలిపి అమ్ముకుంటున్నవారికి సంగతి తెలియకపోలేదు. నల్లవారి ఊరు అన్న బోర్డుతో ఒక్క హోటలైనా ఎందుకు లేదో వారికి బాగా తెలుసు.

తెల్లవారి ఊరు ఏం చేసిందో రాసిపెట్టినవాడు ఉన్నాడు. గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా, అంటే రెండు భాషల మధ్య వ్యవహారం నడిపే ప్రధాన మధ్యవర్తిగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాశాడు. కస్తూరి రంగకవి ఛందశ్శాస్త్రాన్ని ఆనందరంగరాట్ఛందము అన్న పేరుతో ఈయనకే అంకితమిచ్చాడు గనుక తెలుగువారికి ఆయన పరాయివాడు కాడు. 1748లో ఇంగ్లీషు ముట్టడి సందు చూసుకుని వేదపురీశ్వరుని గుడిని కూలగొట్టించిన వైనం, దాని వెనుక డూప్లే భార్య, జెసూట్ మతగురువుల పట్టుదల ఆయన దినచర్యలో రోజువారీగా ఉన్నాయి. ఆయన సొంత ఇల్లు నేటికీ నిలిచి ఉన్నది: కింద తమిళ పద్ధతి చెక్క స్తంభాలు, పైన ఫ్రెంచి పద్ధతి స్తంభాలు. ఆ ఇల్లు కాలువకు పడమటన ఉన్నది గనుక సైకిళ్లు అంతదూరం రావు. ఆ పడమటి వీధుల్లోనే తెలుగువారి అరుగులాంటి తిన్నె, అంటే దారినపోయేవాడు అడగకుండా కూర్చోగలిగిన గట్టు, ఇంటింటి ముందూ ఉండేది. తూర్పు వీధుల ఇళ్లకు ఎత్తైన ప్రహరీ ఉంటుంది. ఎవరూ కూర్చోవడానికి వీల్లేని గోడను ప్రేమించి, కూర్చోమన్న అరుగును వదిలేయడం ఈ యాత్ర సారాంశం.

స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాత్రం అన్న ఫ్రెంచి నినాదం కాఫీ కప్పుల మీద ముద్రించి అమ్ముతున్నారు గనుక దాని స్థానిక చరిత్ర కూడా కొంత తెలియాలి. 1936 జూలై 30న ఇక్కడి సవానా మిల్లులో సమ్మెలో ఉన్న కార్మికుల మీద కాల్పులు జరిగి 12 మంది చనిపోయారు. వారు అడిగినవాటిలో ఎనిమిది గంటల పనిదినం ఒకటి. వారు చనిపోయాక అది చట్టమైంది. సెనెగల్‌కు నీలిగుడ్డ పంపిన మిల్లులలో సవానా ఒకటని ముందే తెలిసి ఉంటే గోడ రంగు గురించి మరోసారి ఆలోచించవచ్చు. స్వేచ్ఛ సంగతీ అంతే: బానిసత్వం రద్దు కాబోతున్నదన్న భయంతో ఫ్రెంచి దీవుల్లోని చెరుకుతోటల యజమానులు వేరే చేతుల కోసం వెతికినప్పుడు, 1820ల చివర్లోనే యానాం నుంచి తెలుగు కూలీలను ఓడెక్కించి హిందూమహాసముద్రంలోని రెయూనియన్ దీవికి తరలించారు. అక్కడివారు వారిని "తెలింగా"లన్నారు. 1850లలో పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి కరీబియన్‌లోని మార్టినిక్, గ్వాదెలూప్ దాకా కూలీ ఓడలు వెళ్లాయి. ఒప్పందపు కూలీ అంటే కాగితం మీద వేలిముద్ర వేసి, ఏళ్లపాటు తోట వదిలి వెళ్లే హక్కు లేకుండా పనిచేసే మనిషి. పాస్‌పోర్టు లేకుండా ఫ్రాన్సు చేరిన తొలి తెలుగువారు వాళ్లే. వారి ఫోటోలు లేవు.

నేటికీ పుదుచ్చేరిలో నిజమైన ఫ్రెంచివారు వేలమంది ఉన్నారన్నది నినాదకర్తలకు తెలియని మరో సంగతి. 1881లో వచ్చిన ఒక శాసనం కింద తమ స్థానిక ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరచట్టానికి లోబడినవారిని రెనోన్సాన్లు, అంటే త్యజించినవారు, అన్నారు. కులం చూపించే పాత పేరు స్థానంలో కొత్త ఇంటిపేరు దొరికే అవకాశం కావడంతో అణచివేతకు గురైన కులాలవారూ క్రైస్తవులూ ఎక్కువగా ముందుకు వచ్చారు. వారూ, వారి సంతతీ ఇండోచైనాలో గుమాస్తాలుగా, ఫ్రెంచి సైన్యంలో సైనికులుగా పనిచేశారు. ఫ్రాన్సు అధ్యక్ష ఎన్నిక వచ్చినప్పుడల్లా పుదుచ్చేరిలో ఓటు వేసేది ఇలాంటి కుటుంబాలవారే. పెన్షను కాగితాలు చంకన పెట్టుకుని నిలబడిన ఆ నల్లని ఫ్రెంచివారిని, ఫ్రాన్సు చూడటానికి వందల కిలోమీటర్లు వచ్చిన జంట, "కాస్త జరగండి, ఫ్రేములోకి వస్తున్నారు" అంటుంది.

సముద్రం విషయానికి వస్తే, అది కూడా ఫ్రేములో ఉన్నంత మేరకే ఉన్నది. తీరపు వీధికి ఆనుకుని ఉండే నల్లని బండరాళ్ల వరసను ప్రకృతి సౌందర్యంగా భావించి వాటి మీద కూర్చుని సూర్యోదయం చూసేవారు, అక్కడ పూర్వం ఇసుక ఉండేదనీ, ఆ ఇసుక మీద పడవలు లాగేవారనీ ఎరగరు. బంగాళాఖాతపు ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన రేవు కోసం సముద్రంలోకి అలగోడలు కట్టగా, నడిచే ఇసుక అక్కడ ఆగిపోయింది; ఉత్తరాన ఉన్న తీరానికి రావలసిన ఇసుక రాక, ఉన్నదీ కొట్టుకుపోయింది. ఊరిని కాపాడటానికి బండలు పోశారు. కోత ఇంకా ఉత్తరానికి జరిగి కురుచ్చికుప్పం, వైత్తికుప్పం మత్స్యకారుల పేటల మీద పడింది. అక్కడా బండలు పోస్తే తమిళనాడు గ్రామాల మీద పడింది. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటిలో ఒక కృత్రిమ దిబ్బ అమర్చాక వీధి ఉత్తరపు చివర కాస్త ఇసుక తిరిగి చేరింది. ఆ కాస్త ఇసుక మీద ఇప్పుడు నిలబడే చోటు లేదు. వలలు ఆరేసుకోవడానికి నేల పోగొట్టుకున్నవారు దాని వైపు రారు, రానివ్వరు కూడా.

వీటన్నిటి తరువాత తెలుగువారిని ప్రత్యేకంగా అడగవలసినది ఒకటి ఉన్నది. ఫ్రాన్సే కావాలంటే కాకినాడ నుంచి గంట ప్రయాణంలో, గౌతమీ గోదావరి ఒడ్డున, పుదుచ్చేరికి దాదాపు 870 కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా పుదుచ్చేరి పాలనలోనే ఉన్న యానాం ఏం పాపం చేసింది? ఫ్రెంచివారు 1723లో మొదటిసారి అక్కడ దిగారు. 1954 జూన్‌లో అది వారి చేతి నుంచి జారిపోయింది. తెలుగువారు పూర్వం అక్కడికి ఆత్రంగానే వెళ్లేవారు. పరదేశపు సరుకుల కోసం మంగళవారం సంతకు వెళ్లేవారు. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930లో అమలుకు వచ్చాక, ఆ చట్టం చెల్లని ఫ్రెంచి నేల మీద పసిపిల్లలకు మూడుముళ్లు వేయించుకురావడానికి బళ్లు కట్టుకుని వెళ్లేవారు. యానాంకు కల్యాణపురమన్న పేరు అలా వచ్చింది. పెళ్లి కోసం ఫ్రాన్సుకు పరిగెత్తడం మన జాతికి కొత్త అలవాటు కాదని, ప్రీవెడ్డింగు షూటింగు దాని కొనసాగింపేనని దీనివల్ల తేలుతున్నది. నేటి యానాంలో ఈఫిల్ టవరును తలపించేలా ఒక ఉక్కు కట్టడం కూడా నిలబెట్టారు. అయినా అక్కడ అందరూ తెలుగే మాట్లాడతారు, పూతరేకులు, పులస చేప దొరుకుతాయి. ఫ్రాన్సు అలా ఉంటే ఎవరు నమ్ముతారు?

ఫ్రాన్సు చూడటానికి కాకుండా పుదుచ్చేరికి వచ్చినవారూ ఉన్నారు: తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి 1908లో వచ్చి పదేళ్లు ఉన్నాడు, అరవిందుడు 1910లో వచ్చి చివరిదాకా ఉన్నాడు. బ్రిటిష్ పోలీసుల చెయ్యి చాపినా అందని చోటు కావడం వల్ల వారికి ఆ ఊరు కావలసి వచ్చింది, కాఫీ కోసం కాదు. ఊరికి నాలుగు కిలోమీటర్ల దక్షిణాన అరికమేడులో రెండువేల ఏళ్ల కిందట రోమనులు వ్యాపారం చేసిన రేవు ఉన్నది. 1945లో పురాతత్త్వవేత్త మోర్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు ఇటలీ మట్టిపాత్రల ముక్కలు అక్కడ బయటపడ్డాయి. ఫ్రాన్సు అన్న పేరు పుట్టని కాలంలోనే సముద్రాలు దాటి వ్యాపారం చేసిన ఆ చోట మామిడితోపు, కూలిన గోడలు, ఒక కాపలాదారు కనిపిస్తారు. గోడలున్నాయి గానీ ఆవపిండి రంగు లేదు.

ఈ యాత్రకు పాస్‌పోర్టు అక్కరలేదన్నది మాత్రం అబద్ధం కాదు, అసంపూర్ణ సత్యం. ఫ్రాన్సు నుంచి తిరుగు ప్రయాణంలో, తూర్పు తీర రహదారి మీద పుదుచ్చేరి ముగిసి తమిళనాడు మొదలయ్యే చోట, బండిని ఆపమని చేయెత్తే మనిషి ఒకడుంటాడు. పుదుచ్చేరిలో పన్ను తక్కువ కావడం వల్ల చవకగా దొరికే సీసాలు పొరుగు రాష్ట్రంలోకి రాకుండా చూడటం ఆయన ఉద్యోగం. మూడు రోజులపాటు పారిస్‌లో నివసించి, నాలుగు వందల ఫోటోలతో, కళ్లజోడు ఇంకా నెత్తిన పెట్టుకునే దిగిన కుర్రవాడికి తాను ఒక దేశపు సరిహద్దు దగ్గర నిలబడి ఉన్నాననే ఎరుక మొదటిసారి కలిగేది అక్కడే. కానిస్టేబులుకు ఫ్రెంచి రాదు. ఫోటోలు చూడడు. డిక్కీ తెరవమంటాడు.